పువ్వుల పెళ్ళిపెద్ద మా అత్త

మా మేనత్త చేసినన్ని పెళ్ళిళ్ళు ఇంకెవరూ చేసి ఉండరు. వాటిలో భోజనాలు లేవు, అలకలు లేవు, వియ్యాలవారి ఎత్తిపొడుపులు లేవు. తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించి చేతులు కడుక్కునేది. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఒకే పువ్వులో ఉంటారు. మధ్యలో పల్చటి పొర ఒకటి అడ్డం. సన్నటి వెదురు పుల్లతో ఆ పొరను పైకెత్తి, బొటనవేలితో మెల్లగా ఒత్తితే పుప్పొడి అంటుకుంటుంది. అంతే, పెళ్ళయిపోయినట్టే. ఆ పువ్వు నిలబడి కాయ అవుతుంది. ఆ కాయే వెనిల్లా. మీరు ఐస్‌క్రీములో పీల్చే వాసన అదే, లేదా అదేనని డబ్బా మీద రాసిన ఇంకేదో.

ఈ పని తేనెటీగలు చెయ్యవా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఈ వెనిల్లా తీగ పుట్టిన చోట దానికి తగిన ఈగ ఉందట. తీగను ఇక్కడికి తెచ్చినవాళ్ళు ఈగను తేవడం మరిచిపోయారు. వాళ్ళు మరిచిపోయిన పనంతా మా అత్త నెత్తిన పడింది.

అత్త మా నాన్నకు అక్క. వయసులో ఉండగా అడవిలో కొత్తగా వేస్తున్న తోటకు మొక్కలు నాటే కూలీగా వెళ్ళింది. ఒక వానాకాలం కొండచరియ విరిగి దారి కొట్టుకుపోయింది. తోట యజమాని చేతులెత్తేశాడు. కూలీలంతా దిగిపోయారు. ఈ పూత ఒక్కటీ చూసి వస్తానని అత్త ఆగింది. ఆ పూత ఇంకా అయిపోలేదని మా నాన్న ఇప్పటికీ అంటాడు. సంబంధం తెచ్చిన ప్రతిసారీ “పూత మీద ఉన్నానురా, తర్వాత చూద్దాం” అనేదట. తీగలకు పూత తగ్గాక కాయలు, కాయలు కోశాక వాటిని ఎండబెట్టడం, అది పూర్తయ్యేసరికి మళ్ళీ పూత. పెళ్ళికి తీరిక ఎక్కడిది?

అక్కను కిందికి దింపాలని నాన్న పట్టు. అప్పుడు ఆవిడే ఒక మాట ఇచ్చింది. “నా చేత్తో పువ్వు నిలబడని ఏడాది నేనే మూట కట్టుకుని వస్తాను. అప్పటిదాకా నన్ను పిలవకు.” ఆ మాట పట్టుకుని నాన్న వంటింటి పక్కన ఒక గది కట్టించాడు. వీధి వైపు కిటికీ, ఫ్యాను, మంచం. గది ఎన్నాళ్ళుగానో ఖాళీగా ఉంది. నాన్నకు ఓపిక నశించి, ఈసారి పూతలో నన్ను పంపాడు. “దాని చెయ్యి ఎలా ఉందో నువ్వు చూసి రా. నువ్వు దర్జీవి, చేతుల సంగతి నీకు తెలుస్తుంది” అన్నాడు. కుట్టుమిషను మూతపెట్టి, పిల్లల్ని మా ఆయన మీద వదిలేసి బయల్దేరాను.

బస్సు దారి ఆగిపోయిన చోట దిగి, పొద్దు వాలేదాకా నడిచాను. అడవంటే పచ్చగా, చల్లగా ఉంటుందని ఎవరు పుట్టించారో గానీ వాళ్ళను ఆ దారిలో ఒకసారి నడిపించాలి. గాలి ఉడికిపోతోంది. వాగు మీద అడ్డంగా పడిన దుంగే వంతెన. దాటి అవతల కూర్చుని బూట్లు విప్పితే లోపల జలగలు సంసారాలు పెట్టుకుని ఉన్నాయి. దారి పొడుగునా నాన్నను తిట్టుకున్నాను. అత్తను చూడగానే ఆ తిట్లన్నీ ఆవిడ మీదికి మళ్ళించాను.

“ఇక్కడ మనుషులుంటారా అత్తా?”

“నేనున్నాగా. మనిషిలా కనబడటం లేదా?” అంది. నా కాళ్ళ మీద ఉప్పు చల్లి జలగల్ని రాల్చింది.

గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. రేకుల కప్పు. ఒక మూల పొయ్యి, దాని పైన వేలాడే డబ్బాలో ఉప్పు. పొయ్యి సెగ తగలకపోతే ఉప్పు రెండు రోజుల్లో నీరవుతుంది. అగ్గిపెట్టెలు బిగుతు మూత గాజు సీసాలో ఉంటాయి. నీళ్ళు పైనున్న ఊట నుంచి నల్ల గొట్టంలో వాటంతట అవే దిగి వచ్చి తొట్టిలో పడతాయి. కరెంటు లేదు, ఫోన్ పలకదు. కప్పు మీద ఒక సోలార్ ప్లేటు, దాని కింద పాత లారీ బ్యాటరీ, రెండు బల్బులు, ఒక రేడియో. ఇంట్లో ఉన్న మంచి కంబళ్ళన్నీ కాయలవి. కోసిన కాయల్ని వేడినీళ్ళలో ముంచి, కంబళ్ళలో చుట్టి చెమట పట్టించాలట. అప్పుడే వాసన పుడుతుంది. రాబోయే కాయలకని కంబళ్ళు మడతపెట్టి ఉంటే మనుషులం చిరుగుల దుప్పట్లు కప్పుకున్నాం.

తెల్లవారుతూనే అత్త నన్ను లేపింది. “చూడాలంటే రా. కానీ చేతులు వెనక్కి కట్టుకో, బడిపిల్లలా. నా పువ్వుల మీద చెయ్యి వేశావంటే ఊరుకోను.”

ముందు దిగువ తోట. అక్కడ వెలుగు ముందు పడుతుంది కాబట్టి పువ్వులు ముందు విచ్చుకుంటాయి. అది అయ్యాక ఇంటి చుట్టూ ఉన్న ఎగువ తోట. తీగలు చెట్లను పట్టుకుని ఎంతైనా పాకుతాయి గానీ, అత్త వాటిని వంచి, కొమ్మల మీదుగా కిందికి వేసి, తన చేతికందే ఎత్తులో పెంచుకుంది. పువ్వు లేత ఆకుపచ్చలో పసుపు కలిసినట్టు ఉంది. అందగత్తె ఏం కాదు. ఆ పూట విచ్చుకుని ఆ పూటే వాడిపోతుంది.

అత్త పుల్ల తీసింది. పువ్వును ఎడమ చేత్తో పట్టుకుంది. కుడి చెయ్యి దగ్గరికి వచ్చి, పువ్వు ముందు ఆగి, వణికింది. పొర చిరిగింది. ఆవిడ పక్క పువ్వుకు వెళ్ళింది. అదీ అంతే. మూడోది నిలిచింది. సూదిలో దారం ఎక్కించే పని చేసేదాన్ని నేను. ఆ వణుకు ఇవాళా నిన్నా వచ్చింది కాదని చూడగానే తెలిసింది.

“అత్తా, నీ చెయ్యి…”

“చలి.”

“చలా? నాకు చెమటలు కారిపోతుంటే?”

“అయితే టీ ఎక్కువైంది.”

“ఇంకా పొయ్యే వెలిగించలేదు.”

అత్త పుల్లను కొప్పులో గుచ్చుకుంది. “సరే, వణుకుతోంది. వణికితేనేం? పువ్వు నిలబడుతోందా లేదా? ఇటు చూడు.” దిగువ తోటలో ముందు రోజుల గుత్తులు చూపించింది. నిజమే. ప్రతి గుత్తికీ లేత కాయలు కిక్కిరిసి ఉన్నాయి. ఆవిడ ముఖంలో గర్వం దాగలేదు. “చెయ్యి ముసలిదైనా దానికి పని తెలుసు. మీ నాన్నకు మాత్రం వణుకు సంగతి చెప్పకు. నామీద ఒట్టు.”

“నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి నాకే చెప్తున్నావా?”

“నానబెట్టుకో. నేను ఆ గదిలో ఉండలేనే. కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంటే మూడు నెలల్లో పోతాను.” నవ్వుతూనే అంది. కానీ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఎగువ తోటలో మాత్రం కాయలు పల్చగా ఉన్నాయి. నిలబడని పువ్వులు మర్నాటికి నేల రాలి ఉండేవి. నేను లేచేలోపు అత్త వాటిని ఊడ్చి, ఆకుల కింద కప్పెట్టేది. ఎందుకంటే వారానికోసారి కరెంటాయన వస్తాడు. ఆయన కళ్ళ పడితే, సామాన్లకు ఊళ్ళోకి దిగినప్పుడు మాటల్లో నాన్న చెవిన పడినట్టే.

కరెంటే లేని చోట కరెంటాయన ఏమిటని నవ్వకండి. అడవిలో అక్కడక్కడా ఉన్న ఇళ్ళ బ్యాటరీలకు ఆయనే దిక్కు. సంచిలో బ్యాటరీ నీళ్ళ డబ్బా, పట్టకారు, స్క్రూడ్రైవరు. ప్లేటు మీద పట్టిన నాచు తుడుస్తాడు. వైర్ల మొనలకు పట్టిన చిలుమును సోడా నీళ్ళతో కడుగుతాడు. అత్త ఇంటికి నడకలో గంట దూరాన, వాగు అవతల ఒంటరిగా ఉంటాడు. పొడుగు మనిషి, మోత మోసి మోసి వంగిపోయాడు. మాటలు కూడా కరెంటులాగే పొదుపుగా వాడతాడు. నేను బాబాయ్ అని పిలిచాను. అత్తా ఆయనా ఇన్నేళ్ళ పరిచయంలోనూ ఒకరినొకరు మీరు అనే అనుకుంటారు.

“బ్యాటరీ ఎలా ఉందండీ?” అని అత్త అడుగుతుంది.

“బానే ఉందండీ. మీరో?”

“నేనూ బానే ఉన్నానండీ. టీ తాగండి.”

ఇదే వాళ్ళ సంభాషణ. బ్యాటరీ పాతదైపోయింది కాబట్టి వారం వారం చూడాలని ఆయన అంటాడు. ఇలాంటి బ్యాటరీకి నెలకోసారి చూస్తే చాలని మా వీధిలో మెకానిక్కు చెప్పగా విన్నాను. ఆ మాట అక్కడ అనలేదు. నాకు నోరు మూసుకోవడం అస్సలు రాదని అందరూ అంటారు గానీ అది పూర్తిగా నిజం కాదు.

ఒకరోజు బట్టలు ఉతకడానికి వాగుకు దిగాను. అత్త దిగువ తోట పని ముగించి ఎగువకు వెళ్ళిపోయింది. తిరిగి వస్తుంటే దిగువ తోటలో ఎవరో కదిలినట్టు అనిపించింది. కరెంటాయన. ఆయన వచ్చే రోజు కాదది. తీగ ముందు వంగి, స్క్రూడ్రైవరు పట్టే ఆ మోటు వేళ్ళతో వెదురు పుల్ల పట్టుకుని పువ్వు పొరను ఎత్తుతున్నాడు. ఊపిరి కూడా బిగబట్టాడు. బొటనవేలితో ఒత్తి, వదిలి, పక్కదానికి వెళ్ళాడు. నేను తడిబట్టల బకెట్టు కింద పెట్టిన చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు.

“చెప్పకమ్మా” అన్నాడు. అదే మొదటి మాట.

“ఎన్నాళ్ళుగా బాబాయ్?”

“ఈ పూత మొదలైన దగ్గర్నుంచి. ఆవిడ చేతిలో టీ గ్లాసు చప్పుడు చేస్తుంటే విన్నాను. మీ నాన్నగారికి ఇచ్చిన మాట కూడా నాకు తెలుసు. ఆవిడ పైకి వెళ్ళాక వచ్చి, వదిలేసిన పువ్వులన్నీ నేను చేసి పోతున్నాను. అవి నిలబడితే ఆవిడ ఉంటుంది కదా.”

“ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలేదు. టీ తాగుతూ చూశాను. ఇన్నేళ్ళు చూశాను.” ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంత వయసు మనిషి అలా సిగ్గుపడటం నేను అదివరకు చూడలేదు.

ఇంకేం, నా పొట్టలో ఇప్పుడు రెండు రహస్యాలు. అత్తది నాన్నకు చెప్పకూడదు, ఆయనది అత్తకు చెప్పకూడదు. అన్నం సహించలేదు. “నీకు అడవి నీళ్ళు పడలేదు” అని అత్త నీళ్ళు కాచి ఇచ్చేది.

నాలుగైదు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం అత్త దిగువ తోటకు వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. వెతుక్కుంటూ దిగాను. తీగ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఆకులు మెత్తబడి, తీగ వడిలి, మొదలు దగ్గర పచ్చదనం పోయింది.

“ఏమైందత్తా?”

“చంపేశానే” అంది. “గుత్తిలో సగం పువ్వులకే పెళ్ళి చెయ్యాలి. మిగతావి రాలిపోనివ్వాలి. అన్నీ కాయలైతే తీగ తన ఒంట్లో సత్తువంతా వాటికి పెట్టేసి, తాను ఎండిపోతుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు చేసే తప్పు ఇది. పువ్వును చూస్తే వదలబుద్ధి కాదు వాళ్ళకు. నేను ఆ తప్పు చిన్నప్పుడు కూడా చెయ్యలేదు. ఇప్పుడు చూడు, ఒక్కటి కూడా వదల్లేదు. కాయలు చూసి మురిసిపోయానే గానీ లెక్క చూసుకోలేదు.”

“నువ్వు చెయ్యలేదేమో.”

“నేను కాకపోతే ఎవరు? దెయ్యమా? నేనే చేశాను. చేసినట్టు నాకు గుర్తు లేదు.” ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళలో భయం చూశాను. “చెయ్యి వణికితే ఏదో నెట్టుకొచ్చాను. మతి కూడా పోతే నా తీగల్ని నేనే చంపుకుంటాను. మూట సర్దవే. రేపే పోదాం.”

నేను వెళ్ళింది ఈ మాట వినడానికే. నాన్న ఎదురుచూసేది ఈ మాట కోసమే. గంతులెయ్యాల్సింది పోయి అక్కడే కూలబడి ఏడ్చాను. అత్త ఇంటికి నడిచి, రెండు చీరలు మడిచి, పొయ్యి పైనున్న ఉప్పు డబ్బా దించి, కాయల కంబళ్ళు దులపడం మొదలుపెట్టింది. ఆ కంబళ్ళు దులపడం చూడలేకపోయాను. చెప్పేశాను. టీ గ్లాసు చప్పుడు దగ్గర్నుంచి అన్నీ చెప్పేశాను.

అత్త నమ్మలేదు. నన్ను బుజ్జగించడానికి కట్టిన కథ అనుకుంది. “సరే, రేపు నీ కళ్ళతో చూడు. చూశాకే మూట ఎత్తుకో” అన్నాను.

మర్నాడు దిగువ తోట పని కాగానే ఎగువకు వెళ్ళినట్టే వెళ్ళి, చెట్ల చాటున ఆగాం. ఆయన వచ్చాడు. సంచి కింద పెట్టాడు. జేబులోంచి పుల్ల తీసి, చొక్కాకు తుడిచి, మొదటి గుత్తి ముందు వంగాడు. అత్త నా చెయ్యి విదిలించుకుని గబగబా దిగింది.

“ఏం చేస్తున్నారండీ అక్కడ?”

ఆయన పుల్లను వెనక దాచాడు. “మీరు… మీరు వదిలేసినవి కొన్ని…”

“వదిలేసినవా! రాలిపోవాలని వదిలాను. నేను వదిలినవాటిని పట్టుకోవడానికి నువ్వెవరివయ్యా? తీగ చూడు ఎలా అయిపోయిందో! నిన్నటి నుంచీ నాకు మతి పోయిందనుకున్నాను. మూట కూడా కట్టేశాను, తెలుసా?”

ఇన్నేళ్ళ ‘మీరు’ ఒక్క కోపంలో కొట్టుకుపోయింది. ఆయన అది గమనించినట్టు లేడు. మూట అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

“నా వల్లా?” అన్నాడు. “మీరు వెళ్ళకూడదనే కదండీ నేను… మీరు వెళ్ళిపోతే నేను ఎవరి బ్యాటరీకి నీళ్ళు పొయ్యాలి?”

అత్త మొదటి గుత్తి దగ్గరికి వెళ్ళి, లేత కాయల్ని ఒక్కొక్కటిగా తుంచడం మొదలుపెట్టింది. తుంచడానికి వణుకు అడ్డం రాలేదు. ఒక్కో కాయ కింద పడుతుంటే ఆయన తన వేలు తెగినట్టు ముఖం పెట్టాడు.

“చూస్తావేం? ఆ పక్క గుత్తి నువ్వు తుంచు. కిందివి ఉంచి పైవి తీసెయ్” అంది. ఆయన తుంచాడు. నేనూ చేతులు వెనకనుంచి తీసి తుంచాను. ఈసారి అత్త ఏమీ అనలేదు. తుంచిన తీగల మొదళ్ళ చుట్టూ తడి ఆకులు కప్పాం. కొన్ని బతుకుతాయని, కొన్ని బతకవని అత్త చెప్పింది. అప్పుడు ఆయన చేతిలోంచి పుల్ల లాక్కుని మొన చూసింది.

“ఇంత మొద్దు పుల్లతోనా చేశావు? పువ్వుకు నొప్పి పుట్టదూ?”

“రేపు కొత్తది చెక్కుకొస్తానండీ.”

“రేపు రావడం, పోవడం ఏమిటి? పువ్వులు నీ నడక కోసం ఆగుతాయా? తెల్లారేసరికి ఇక్కడ ఉండాలి.”

“ఇక్కడంటే ఎక్కడండీ?”

“ఇల్లు కనబడటం లేదూ? వెళ్ళి నీ మంచం తెచ్చుకో. చాలింది ఈ తిరుగుడు.”

ఆయన సంచి తీసుకోవడం కూడా మరిచిపోయి వాగు వైపు నడిచాడు. “సంచి, మావయ్యా!” అని వెనకనుంచి అరిచాను. అత్త నా వీపు మీద ఒక్కటి వేసింది. గట్టిగానే వేసింది.

ఆ సాయంత్రం మంచం వచ్చింది. దాన్ని పొయ్యి పక్కన వెయ్యాలా, వసారాలో వెయ్యాలా అని ఇద్దరూ పొద్దుపోయేదాకా వాదించుకున్నారు. ఆఖరికి వసారాలో వేశారు. కాయల కంబళ్ళలో ఒకటి తీసి అత్త ఆ మంచం మీద పరిచింది. నేను వచ్చినప్పటి నుంచి చిరుగుల దుప్పటిలో ముడుచుకుంటున్నదాన్ని, నాకు మాత్రం ఇవ్వలేదు.

రెండు రోజులకు బయల్దేరాను. తెల్లవారే పువ్వులు విచ్చుకున్నాయి కాబట్టి నన్ను సాగనంపడానికి ఎవరికీ తీరిక లేదు. నేనే దిగువ తోటకు వెళ్ళాను. అత్త చెట్టుకు ఆనుకుని చూపుడువేలితో చూపిస్తోంది. ఆయన కొత్త పుల్లతో వంగి ఉన్నాడు.

“అది కాదు, దాని పక్కది.”

“ఇదాండీ?”

“అది రాలిపోవాల్సింది. వదిలెయ్. వదలడం నేర్చుకో ముందు.”

“వెళ్తున్నానత్తా” అన్నాను.

అత్త నా దగ్గరికి వచ్చి తల నిమిరింది. ఆ వణుకు నా జుట్టులో తెలిసింది. దాచుకోవాలని ఆవిడ అనుకోలేదు.

“మీ నాన్నతో నిజమే చెప్పు. అక్క చెయ్యి వణుకుతోందని చెప్పు. ఒట్టు తీసేస్తున్నాను.”

“చెప్తే ఊరుకుంటాడా? నీ చేత్తో పువ్వు నిలబడకపోతే వస్తానని మాటిచ్చావు కదా. ఆ మాట ఏమైందంటాడు.”

అత్త వెనక్కి తిరిగి చూసింది. ఆయన పొర ఎత్తి, ఊపిరి బిగబట్టి, బొటనవేలితో ఒత్తుతున్నాడు. పువ్వు నలగలేదు.

“నిలబడుతోందని చెప్పు” అంది అత్త. “అదీ నా చెయ్యేనని చెప్పు.”

ఆయన ఆ పువ్వును పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“నిలబడ్డావేం? ఎండ ముదురుతోంది, పక్క గుత్తి చూడు” అంది అత్త.